ఆ జీన్స్ మీవి కావు, మీ అమ్మగారివీ కావు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 29. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. పెళ్లై మూడేళ్లయింది. ఇద్దరం బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. ఏడాదిగా తెల్లబట్ట, దానితో చేపల వాసన. మెడికల్ షాపులో నాలుగు మాత్రల కిట్ ఇస్తారు. వేసుకుంటే కొన్ని రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. మొన్న పీసీఆర్ టెస్టు చేయిస్తే గార్డ్‌నెరెల్లా, యూరియాప్లాస్మా పార్వమ్ ‘డిటెక్టెడ్’ అని, క్లమీడియా, గనేరియా, మైకోప్లాస్మా జెనిటాలియం, ట్రైకోమొనాస్ ‘నాట్ డిటెక్టెడ్’ అని వచ్చింది. గార్డ్‌నెరెల్లాలో టాక్సిన్ జీన్స్ ఉన్న రకాలు ప్రమాదమని బయోటెక్ చదివిన మా కజిన్ చెప్పింది. మా అమ్మకీ ఇదే బాధ ఉండేది, 33 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. జీన్స్ అంటే వంశపారంపర్యమే కదా? రేపు నాకు కూతురు పుడితే దానికీ వస్తుందా? ఆ జీన్స్ టెస్టు ఎక్కడ చేయించాలి? మా ఆయన రిపోర్టు చూసి ‘ఇది నీకెలా వచ్చింది’ అన్నారు, అప్పట్నుంచీ సరిగ్గా మాట్లాడటం లేదు. అత్తగారు వేడి చేసిందంటున్నారు. ట్యాంకర్ నీళ్ల వల్ల వచ్చిందా అని నాకు అనుమానం. ఎనిమిది నెలలుగా పిల్లల కోసం చూస్తున్నాం. డాక్టరుతో కన్నడలోనో ఇంగ్లిష్‌లోనో ఇవన్నీ చెప్పాలంటే నాకు నోరు రాదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీరు అడిగినవి చాలా ఉన్నాయి గానీ మీ భయమంతా జీన్స్ చుట్టూనే తిరుగుతోంది. కాబట్టి ముందు అదే తేల్చేద్దాం.

మీ కజిన్ చెప్పింది అబద్ధం కాదు. గార్డ్‌నెరెల్లా అనే బాక్టీరియాలో టాక్సిన్, అంటే విషం, తయారుచేసే జీన్స్ ఉంటాయి. అయితే అవి ఆ బాక్టీరియావి. మీ ఒంట్లో కణాలలో ఉండే జీన్స్‌తో వాటికి ఏ చుట్టరికమూ లేదు. మీ అమ్మగారి నుంచి మీకు వంశంగా రాలేదు, రేపు మీ బిడ్డకు రక్తంలో పోవు. ఆ బాక్టీరియా పోయిన రోజున అవీ దాంతోపాటే పోతాయి. మరి అమ్మకీ నాకూ ఒకే బాధ ఎలా వచ్చిందంటారా? పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో, ప్రపంచం మొత్తం మీద చూసినా, దాదాపు నలుగురిలో ఒకరికి ఉండే బాధ ఇది. ఏ ఇంట్లోనైనా ఇద్దరికి కనిపించడంలో వింత లేదు.

మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు బాధపడ్డాను. ఆవిడ కాగితాలు నేను చూడలేదు, వేరే కారణం ఉందేమో తెలీదు. కానీ తెల్లబట్ట ఒక్కదాని కోసమే తీసేసి ఉంటే అది వైద్యం కాదు. ఈ బాక్టీరియా ముఖ్యంగా కాపురం ఉండేది గర్భసంచిలో కాదు, యోని గోడల మీద. గర్భసంచి తీసేసినా ఆ గోడలు అక్కడే ఉంటాయి, బాధ మళ్లీ రావచ్చు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది తల్లులు వారం రోజుల మాత్రలతో తగ్గించుకోగలిగే బాధలకు ఆపరేషన్ బల్ల ఎక్కారో తల్చుకుంటే కోపమొస్తుంది. రేపు మీతో ఎవరైనా ‘పిల్లలు పుట్టాక తీయించేసుకో, పీడ విరగడవుతుంది’ అంటే, ఎవరన్నా సరే, వినొద్దు.

మీరు రాసిన వాసన, తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం, గార్డ్‌నెరెల్లా, అన్నీ కలిపి చూస్తే ఇది బాక్టీరియల్ వజైనోసిస్‌లాగే ఉంది. డాక్టర్లు పొట్టిగా బీవీ అంటారు. కానీ పీసీఆర్ అంటే బాక్టీరియా జీన్స్ జాడ పట్టే పరీక్ష, ఆ రిపోర్టు ఒక్కదానితో దీన్ని ఖాయం చేయకూడదు. స్లైడ్ చూడాలి.

ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసినదాన్ని కాబట్టి అక్కడ ఏం చూస్తామో చెబుతాను. స్రావం ఒక చుక్క గాజుపలక మీద పెట్టి దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక బొట్టు వేస్తాం. బీవీ అయితే గుప్పున చేపల వాసన లేస్తుంది. ఈ బాక్టీరియా గుంపు తయారుచేసే అమైన్లు అనే పదార్థాల వాసన అది. ఇంకో చుక్కను మైక్రోస్కోపు కింద పెడతాం. ఆరోగ్యంగా ఉన్న యోని కణానికి అంచు స్పష్టంగా కనిపిస్తుంది. బీవీలో ఆ అంచే కనపడదు, నువ్వులు అద్దిన అరిసెలాగా కణం ఒళ్లంతా బాక్టీరియా అంటుకుని ఉంటాయి. వాటినే క్లూ సెల్స్ అంటారు. 1955లో అమెరికాలోని హ్యూస్టన్‌లో గార్డ్‌నర్, డ్యూక్స్ అనే ఇద్దరు ఈ జబ్బుకి ఈ బాక్టీరియాకి ఉన్న సంబంధం గురించి రాశారు. ఆ గార్డ్‌నర్ పేరే 1980లో దానికి పెట్టారు. పలుచటి బూడిదరంగు స్రావం, పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అది తగ్గితే ఈ అంకె పెరుగుతుంది) 4.5 దాటడం, ఆ వాసన, క్లూ సెల్స్, ఈ నాలుగింట్లో మూడుంటే బీవీ అని చెప్పవచ్చు. ఇదంతా నిమిషాల పని, పీసీఆర్ ప్యానెల్‌తో పోలిస్తే ఖర్చు కూడా తక్కువే.

ఇప్పుడు మీ కజిన్ చెప్పిన టాక్సిన్ దగ్గరికొద్దాం. దాని పేరు వజైనోలైసిన్. దాన్ని తయారుచేసే జీన్‌ని వీఎల్‌వై అంటారు. మన కణాల పైపొరలో ఉండే కొలెస్టరాల్‌ని ఆసరా చేసుకుని ఇది ఆ పొరకు రంధ్రాలు పెడుతుంది. మనుషుల కణాల మీద ఉండే సీడీ59 అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది కాబట్టి మనిషి కణాల మీదే దీని ప్రతాపం ఎక్కువ. ఇది ఒకటి. రెండోది సయాలిడేజ్ అనే ఎంజైమ్. యోని గోడల మీద జిగురుపొర ఒకటి ఉంటుంది, మనకు అదే కాపలా. ఆ జిగురులోని చక్కెర తునకలను ఈ ఎంజైమ్ ఒక్కొక్కటీ కత్తిరించేస్తుంది. జిగురు పలచబడుతుంది, బాక్టీరియా నేరుగా కణాల మీదికి చేరి అంటుకుంటాయి, వాటి మీద ఇంకొన్ని రకాలు వచ్చి చేరి ఒక పొర కట్టేస్తాయి. ఆ పొరే బయోఫిల్మ్. మాత్ర వేసుకుంటే పైనున్నవి చస్తాయి, అడుగున దాక్కున్నవి మిగిలిపోతాయి. మందు ఆపగానే మళ్లీ పెరుగుతాయి. మీకు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడానికి ఇదొక పెద్ద కారణం.

అయితే జీన్ కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. సయాలిడేజ్ సంగతే తీసుకోండి. నాన్‌హెచ్1 అనే జీన్ వల్లే ఈ ఎంజైమ్ వస్తుందని చాలాకాలం అనుకున్నారు. తీరా చూస్తే ఆ జీన్ ఉన్నా ఎంజైమ్ పని కనపడని రకాలు బోలెడు. అసలు పని చేసేవి నాన్‌హెచ్2, నాన్‌హెచ్3 అని 2019లో తేలింది. అదే ఏడాది, ఇన్నాళ్లూ గార్డ్‌నెరెల్లా వజైనాలిస్ అని ఒకే పేరుతో పిలిచినదాన్ని కూడా చాలా జాతులుగా విడదీశారు. కొన్ని జాతుల్లో సయాలిడేజ్ బాగా ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఏ బాధా లేని ఆడవాళ్లలోనూ గార్డ్‌నెరెల్లా కొద్దికొద్దిగా ఉంటుంది. పక్కన లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ లాంటి మంచి బాక్టీరియా దండిగా ఉండి లాక్టిక్ ఆమ్లం చేస్తూ పీహెచ్‌ని 4.5 లోపల ఉంచితే, గార్డ్‌నెరెల్లా ఉన్నా అది మూల పడి ఉంటుంది. ఆ మంచివి తగ్గినప్పుడే దీనికి ఊపు వస్తుంది.

అందుకే ఆ జీన్స్ టెస్టు కోసం తిరగొద్దమ్మా. వీఎల్‌వై ఉందనో నాన్‌హెచ్3 లేదనో చూసి మందు మార్చే పద్ధతి ఇవాళ వైద్యంలో లేదు. పరిశోధన ల్యాబుల్లో అది చాలా విలువైన పని, మందులు రేపు ఆ దారిలోనే రావచ్చు. మీ చేతిలో డబ్బు మాత్రం ఇప్పుడు దానికి పెట్టొద్దు. జీన్ చూసి మందు నిర్ణయించే చోట్లు వేరే ఉన్నాయి. మైకోప్లాస్మా జెనిటాలియం అనే బాక్టీరియా వస్తే దాని 23ఎస్ ఆర్‌ఎన్‌ఏ జీన్‌లో కీలకమైన చోట ఒక్క అక్షరం మారినా అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయదు, అక్కడ ఆ టెస్టు అక్కరకొస్తుంది. మీకు అది లేదు.

మీ రిపోర్టులో కనిపించిన రెండో బాక్టీరియా యూరియాప్లాస్మా పార్వమ్ గురించి రెండే మాటలు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో చాలామందికి ఉంటుంది. దీనికి మామూలుగా టెస్టే చేయొద్దని యూరప్ నిపుణులు 2018లోనే చెప్పారు. రిపోర్టులో ఎర్ర అక్షరాలతో కనిపించిందని దాని కోసం ప్రత్యేకంగా యాంటీబయాటిక్ వాడకండి.

క్లమీడియా లేదని రావడం నిజంగా మంచి వార్త. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, బీవీని వదిలేయొద్దని నేను పట్టుబట్టడానికి కారణం ఇందులోనే ఉంది. క్లమీడియా అనే బాక్టీరియా మన కణం లోపల దూరి బతుకుతుంది. దాన్ని మాడ్చడానికి మన శరీరం ఒక ఉపాయం పన్నుతుంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం లేకుండా అది పెరగలేదు కాబట్టి ఆ కణంలో ట్రిప్టోఫాన్‌నే విరిచేసి ఖాళీ చేస్తుంది. కంటికి సోకి ట్రకోమా తెచ్చే క్లమీడియా రకాలకు ట్రిప్టోఫాన్ సొంతంగా చేసుకునే జీన్స్ చెడిపోయాయి. జననాంగాలకు సోకే రకాల్లో మాత్రం అవి చక్కగా పనిచేస్తున్నాయి. ఇండోల్ అనే ముడిసరుకు దొరికితే చాలు, దాంతో ట్రిప్టోఫాన్ చేసుకుని బతికేస్తాయి. ఈ తేడా 2003లో బయటపడింది. మరి ఆ ఇండోల్ ఎవరిస్తారు? బీవీలో పెరిగే గుంపులోని కొన్ని బాక్టీరియా. ఒకరి జీన్స్‌కి ఇంకొకరు సరుకు అందిస్తున్నారన్నమాట. క్లమీడియా పైకి పాకితే ట్యూబులు వాచి, మచ్చలు పడి మూసుకుపోవచ్చు. చాలామందిలో ఏ లక్షణమూ లేకుండానే ఇదంతా జరిగిపోతుంది. బీవీ ఉన్నవాళ్లకు క్లమీడియా, గనేరియా, హెచ్‌ఐవీ అంటుకునే అవకాశం ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. కాబట్టి ‘వాసనే కదా’ అని ఊరుకోవద్దు.

ఇప్పుడు ఆ నాలుగు మాత్రల కిట్. అందులో సాధారణంగా ఫ్లూకోనజోల్ ఒకటి, అజిత్రోమైసిన్ ఒకటి, సెక్నిడజోల్ రెండు ఉంటాయి. బీవీ మీద పనిచేసేది సెక్నిడజోలే. మీకు కొన్ని రోజులు హాయిగా ఉన్నది దాని పుణ్యమే. ఫ్లూకోనజోల్ ఫంగస్‌కి. అజిత్రోమైసిన్ మీకు అక్కర్లేని మందు. అక్కర్లేకుండా వేసుకున్న ప్రతిసారీ ఒంట్లో ఉన్న వేరే బాక్టీరియాకు దాన్ని తట్టుకునే జీన్స్ పెంచుకోవడానికి అవకాశం ఇస్తున్నట్టే. ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో కూడా యోనిస్రావానికి ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ మాత్రమే ఉంటాయి. అజిత్రోమైసిన్ ఉన్న బూడిదరంగు కిట్‌ని గర్భాశయ ముఖద్వారం వాచినప్పుడు ఇస్తారు. కౌంటర్ దగ్గర నిలబడి కిట్ కొనడం ఇక ఆపేయండి. డాక్టరు మెట్రోనిడాజోల్ రోజుకు రెండుసార్లు ఏడు రోజులు ఇవ్వొచ్చు, లేదంటే జెల్ గానీ క్లిండమైసిన్ క్రీమ్ గానీ రాయొచ్చు. మూడో రోజుకే వాసన పోయినా ఏడు రోజులూ పూర్తి చేయండి. నోట్లో ఇనుము నమిలినట్టు రుచి వస్తుంది, వికారంగా ఉంటుంది, అన్నం తిన్నాక వేసుకుంటే కాస్త నయం. అప్పటికీ తిరగబెడితే వారానికి రెండుసార్లు చొప్పున కొన్ని నెలలు జెల్ వాడే పద్ధతి కూడా ఉంది, అడగండి.

మీవారి గురించి. ‘ఇది నీకెలా వచ్చింది’ అన్న ప్రశ్న మిమ్మల్ని ఎంత గుచ్చిందో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. బీవీ ఉందంటే ఎవరో తప్పు చేశారని అర్థం కాదు. ఇది ఏ భార్య మీదా, ఏ భర్త మీదా సాక్ష్యం కాదు. ఒకే భర్తతో కాపురం చేసుకుంటున్న ఆడవాళ్లకు రోజూ వస్తుంది. కాకపోతే భార్యాభర్తల మధ్య ఈ బాక్టీరియా అటూ ఇటూ తిరుగుతుందన్నది కూడా నిజం. మగవాళ్లకు ఏ బాధా ఉండదు గానీ మూత్రనాళంలో, అంగం చర్మం మీద ఇవి నిలవుంటాయి. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు 164 జంటల మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించారు. భార్యకు మాత్రమే మందిచ్చిన జంటల్లో 12 వారాల్లో 63 శాతం మందికి బీవీ తిరగబెట్టింది. భర్తకు కూడా అదే వారంలో మెట్రోనిడాజోల్ మాత్రలు, పైన రాసుకోవడానికి క్లిండమైసిన్ క్రీమ్ ఇచ్చిన జంటల్లో 35 శాతం మందికే తిరగబెట్టింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ఆ పరీక్షను ముందే ఆపేశారు. అంతకుముందు దాకా భర్తకు మందు అక్కర్లేదనే చెప్పేవారు, కొందరు డాక్టర్లు ఇప్పటికీ అదే చెప్పొచ్చు. మీరు ఈ సంగతి ఎత్తి అడగండి. నోటిమాత్ర ఒక్కటే సరిపోదు, క్రీమ్ కూడా ఉండాలి. ఆ ఏడు రోజులూ కలవకుండా ఉండండి.

ఈ పేరా మీవారికి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు: బాబూ, ఆవిడ ఏడాదిగా ఒక్కతే మాత్రలు మింగుతోంది. ఈసారి ఆసుపత్రికి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆ వారం మందు మీరూ వాడండి. పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి అదే చేత్తో వీర్యపరీక్ష కూడా చేయించుకోండి, పరీక్షలన్నీ ఆవిడకే ఎందుకు?

అత్తగారి మాట కొట్టిపారేయకండి, ఆవిడ మంచి కోరే చెబుతున్నారు. సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్లు, మజ్జిగ తాగండి, ఒంటికి హాయి. బీవీ మాత్రం వేడి వల్ల రాదు, చలవ చేస్తే పోదు. ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతాయన్న మాట కూడా ఎక్కడైనా విని ఉంటారు, అది నిజం కాదు. ట్యాంకర్ నీళ్ల వల్లా, ఆఫీసు టాయిలెట్ వల్లా ఇది రాదు. వాసన పోవాలని లోపల డెటాల్, వీ-వాష్, సబ్బు, నిమ్మరసం ఏదీ వాడొద్దు. లోపల కడిగేకొద్దీ మిగిలిన మంచి బాక్టీరియా కూడా కొట్టుకుపోతాయి. బయట మామూలు నీళ్లు చాలు.

భాష గురించి మీరు భయపడాల్సిందేమీ లేదు. బెంగళూరు ఆసుపత్రుల్లో తెలుగు తెలిసిన నర్సమ్మలు, డాక్టర్లు చాలామంది కనిపిస్తారు. అయినా నోరు రాకపోతే ఒక కాగితం మీద ఇలా రాసుకెళ్లండి: ఏడాదిగా చేపల వాసనతో స్రావం, కిట్ ఎన్నిసార్లు వాడాను, పీహెచ్, వెట్ మౌంట్ స్లైడ్ (పైన చెప్పిన మైక్రోస్కోపు పరీక్ష) చేయించాలి, భర్తకు కూడా వైద్యం కావాలి, పిల్లల కోసం చూస్తున్నాం. ఆ కాగితం, రిపోర్టు టేబుల్ మీద పెట్టేస్తే చాలు. ప్రైవేటులో ఖర్చు బరువనిపిస్తే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీల్లో సురక్షా క్లినిక్ అని బోర్డు ఉంటుంది. అక్కడ సలహా, మందులు ఉచితం. పొత్తికడుపులో నొప్పి, జ్వరం, కలిసినప్పుడు లోపల నొప్పి లేదా తర్వాత రక్తం కనబడటం, వీటిలో ఏదున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు వెళ్లండి. అది బీవీ కాదు, ఇన్ఫెక్షన్ పైకి పాకుతోందేమో చూడాలి.

పిల్లల విషయానికొస్తే, ఎనిమిది నెలలు అంటే ఇంకా కంగారు పడే సమయం కాదు. మీ వయసులో ఏడాది నిండినా నిలవకపోతే అప్పుడు ఇద్దరికీ పూర్తి పరీక్షలు మొదలుపెడతారు. మీకు ట్యూబుల ఎక్స్‌రే కూడా అప్పుడే రాస్తారు. ఒకవేళ ఆ దారిలో గర్భసంచికి టీబీ ఉందేమోనని లోపలి పొర తీసి టీబీ పీసీఆర్ చేసి ‘పాజిటివ్’ అంటే, అది ఒక్కటే చూసి ఆరు నెలల మందులు మొదలుపెట్టకుండా ఇంకో డాక్టరు దగ్గర కూడా చూపించుకోండి. బీవీ ఉన్నవాళ్లు గర్భం దాల్చరని ఏమీ లేదు, రోజూ దాలుస్తూనే ఉన్నారు. కానీ గర్భంతో ఉన్నప్పుడు బీవీ ఉంటే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది. అందుకే ఇప్పుడే ఇద్దరూ కలిసి వైద్యం చేయించుకోమంటున్నాను. ఫోలిక్ యాసిడ్ ఇప్పట్నుంచే వేసుకోవాలి, మోతాదు డాక్టరునడగండి. నెల తప్పితే, బీవీ వచ్చి తగ్గిందని మొదటి విజిట్‌లోనే చెప్పండి. మళ్లీ ఆ వాసన మొదలైతే వెంటనే చూపించుకోండి. గర్భంతో ఉన్నప్పుడు కూడా మెట్రోనిడాజోల్ ఇస్తారు, డాక్టరు రాస్తే భయపడి మానేయకండి.